సంఘ పరిచర్యలో మొబైల్ ఫోన్: ఒక మామూలు తెలుగు సంఘానికి అడుగడుగు మార్గదర్శి

"ఏ యాప్ వాడమంటారు?" అన్నది ఈ విషయంలో అందరూ మొదట అడిగే ప్రశ్న. దాన్ని కాసేపు పక్కన పెట్టమని నా సలహా. మాది గుంటూరు జిల్లాలో 120 కుటుంబాలున్న సంఘం. సంఘ కార్యదర్శిగా మైకు సెట్టు నుంచి కానుకల లెక్కల దాకా నా చేతి మీదుగా నడిచిన ఈ కొన్నేళ్లలో, తప్పు యాప్ ఎంచుకుని నష్టపోయిన సందర్భాలు తక్కువ. అది ఎవరికి అందుతుందో చూసుకోక ఇబ్బంది పడిన సందర్భాలే ఎక్కువ. ప్రతి ఆదివారం మందిరానికి రాగలిగిన మనిషికి ఫోన్ వల్ల కలిగే అదనపు మేలు కొద్దిపాటిదే. మంచం పట్టిన పెద్దావిడ, హైదరాబాదులో రాత్రి డ్యూటీ చేసే కుర్రవాడు, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన సోదరి, కోతల రోజుల్లో ఆదివారం కూడా మిరప చేలోకి దిగక తప్పని కూలీ, ఇలాంటివారికి వాక్యమూ సంఘ సమాచారమూ చేరవేయడంలోనే దాని అసలు ప్రయోజనం ఉంది. కింది అడుగులు వారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. సొంత కెమెరాలు, జీతగాళ్లతో మీడియా విభాగం ఉన్న పెద్ద మందిరాలకు ఇందులో కొత్తగా ఏమీ దొరకదు.

మొదటి అడుగు: ఫోన్ల రిజిస్టరు

సభ్యత్వ రిజిస్టరు పక్కన మరో నోటు పుస్తకం పెట్టుకుని, ఇంటికొక వరుస చొప్పున వివరాలు రాసుకోవాలి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్లు ఎన్ని, కీప్యాడ్ ఫోన్లు ఎన్ని, వాట్సాప్ ఎవరికి ఉంది, పగటిపూట ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, తెలుగు ధారాళంగా చదవగలిగినవారు ఎవరు, ఊరు విడిచి వెళ్లినవారు ఎక్కడున్నారు అన్నవి చాలు. ఫోన్‌లో అడిగితే సగం వివరాలు తప్పుగా వస్తాయి. స్త్రీల కూటం నుంచి ఇద్దరు, యవనస్థుల నుంచి ఇద్దరు కలిసి ఇళ్లకు వెళ్తే నాలుగు వారాల్లో పని ముగుస్తుంది.

పగటిపూట ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్న అనవసరమైనదిగా కనిపిస్తుంది గానీ, మాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది అదే. ఒక బుధవారం పదకొండు గంటల స్త్రీల ప్రార్థన వేరే ఇంటికి మారిందని ఆ ఉదయం తొమ్మిదికి గ్రూపులో పెట్టాము. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ అప్పటికే భర్త జేబులోనో కొడుకు జేబులోనో పనికి వెళ్లిపోయింది. ఎనిమిది మంది స్త్రీలు తాళం వేసిన గుమ్మం ముందు ఎండలో నిలబడి, తిరిగి వెళ్లిపోయారు. ఆ కబురును రాత్రి భోజనాల వేళ చూసుకున్నారు. అప్పటి నుంచి స్త్రీల కూటం సమాచారాన్ని ముందురోజు రాత్రి ఏడు, తొమ్మిది గంటల మధ్యే పంపుతున్నాము. ఫోన్ అందని ప్రతి ఇంటి ఎదురుగా, నోటిమాటగా కబురు చెప్పే పక్కింటివారి పేరు రిజిస్టరులో రాసుకున్నాము.

రెండో అడుగు: వాక్యం ఫోన్‌లో ఉండటం

బైబిల్ యాప్‌లలో విస్తారంగా వాడుకలో ఉన్నది యూవర్షన్. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన లైఫ్.చర్చ్ అనే సంఘం 2008లో దీన్ని తీసుకువచ్చింది. దీనికి రుసుము లేదు, ప్రకటనలు లేవు. చదవడం కంటే వినడం సులువనుకునేవారికి ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ సంస్థ వారి బైబిల్.ఈజ్ యాప్ తగినది. ఏది పెట్టించినా, ఆ ఫోన్ యజమాని పక్కన కూర్చుని రెండు విషయాలు సరిచూడాలి. మొదటిది అనువాదం. మన సంఘాల్లో చాలామంది చేతిలో ఉన్నది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత అనువాదం. యాప్‌లో మరో తెలుగు అనువాదం తెరుచుకుని ఉంటే, ప్రసంగ వేదిక మీద చదివే మాటా తెర మీది మాటా కలవక, పాపం ఆ మనిషి పుట తప్పాననుకుని తడుముకుంటూనే ఉంటాడు. రెండోది, నెట్ లేకుండా తెరుచుకుంటుందా అన్నది. అన్ని అనువాదాలకూ డౌన్‌లోడ్ సౌకర్యం ఉండదు కాబట్టి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఏదో ఒక అధ్యాయం తెరిచి చూస్తేనే సంగతి తేలుతుంది.

చదివే ప్రణాళిక కోసం పెద్దగా వెతకనక్కరలేదు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. శనివారం తప్పిపోయినవి చదువుకోవచ్చు, ఆదివారం ఎలాగూ మందిరంలో వాక్యం వింటారు. రోజూ తెల్లవారుజామున "ఈ రోజు మత్తయి 6" అన్న ఒక్క వరుస పంపితే చాలు. పువ్వుల బొమ్మ మీద వచనం ముద్రించి పంపినప్పటి కంటే, ఇలా అధ్యాయం పేరు మాత్రమే పంపినప్పుడు బైబిల్ తెరిచిన వారు ఎక్కువని మా గృహ కూటాల్లో అడిగి తెలుసుకున్నాము. బొమ్మ పంపితే చదవడం అక్కడితోనే ముగిసిపోతోంది.

ఇక ప్రసంగీకుల నోట్సు విషయం. మన కాపరుల్లో చాలామంది పాత ప్రసంగాలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేయించినవే. ఆ ఫైలు ఫోన్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే అవి అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చిన తర్వాత వత్తులు, ఏత్వాలు ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి. కొత్త నోట్సుకైతే గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో తెలుగు ఎంచుకుని, మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. మామూలు మాటలు బాగానే పడతాయి గానీ, నెబుకద్నెజరు లాంటి పేర్లను చేత్తో దిద్దుకోక తప్పదు. ఫోన్ చూసి ప్రసంగించేవారు ఫ్లైట్ మోడ్ పెట్టుకుని, తెర ఆరిపోయే సమయాన్ని పెంచుకుని, ముఖ్యాంశాలు రాసిన కాగితం ఒకటి బైబిల్లో ఉంచుకోవాలి.

మూడో అడుగు: వీడియో కంటే ముందు ఆడియో

చాలా సంఘాలు నేరుగా లైవ్ వీడియోతో మొదలుపెడతాయి. ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తాను. 25 నిమిషాల వాక్యోపదేశాన్ని మోనోలో (ఒకే శబ్ద ధారగా) 32 కేబీపీఎస్ (సెకనుకు 32 కిలోబిట్లు) ఎంపీ3గా మారిస్తే సుమారు 6 ఎంబీ అవుతుంది. అదే ఉపదేశాన్ని 720పీ వీడియోగా, సెకనుకు 2.5 మెగాబిట్ల చొప్పున ప్రసారం చేస్తే దాదాపు 470 ఎంబీ ఖర్చవుతుంది. ఆడియో విన్న మనిషి చేతులకు పని ఉన్నా వినగలడు; వంట చేస్తూ, గేదెలకు నీళ్లు పెడుతూ, బస్సులో కూర్చుని వినవచ్చు. వీడియోకు మనిషి మొత్తం కావాలి. మొదటి ఆరు నెలలు ఆడియోతోనే నడపడం మేలు.

రికార్డింగులో అందరూ చేసే తప్పు, ఫోన్‌ను వెనక బెంచీ మీదో స్పీకరు పక్కనో పెట్టడం. శ్లాబు కప్పు ఉన్న మందిరంలో స్పీకరు శబ్దం గోడలకు కొట్టుకుని మళ్లీ ఫోన్‌లోకి వస్తుంది. ఇంట్లో విన్నవారికి బావిలో నుంచి మాట్లాడినట్టు ఉంటుంది. ఫోన్‌ను ప్రసంగ వేదిక మీదే, ప్రసంగీకుని నోటికి జానెడున్నర దూరంలో, మెత్తని గుడ్డ మీద పెట్టాలి. గుడ్డ లేకపోతే బైబిల్ పుటలు తిప్పిన చప్పుడు, వేదికను తట్టిన చప్పుడు ఉరుముల్లా పడతాయి. కాలరుకు తగిలించే చిన్న మైకు ఉంటే ఇంకా మంచిది. మిక్సర్ నుంచి నేరుగా వైరు తీసుకోవాలనుకునేవారు, ఫోన్ మైకు ఇన్‌పుట్‌కు సరిపోయే మూడు గీతల జాక్ తీసుకుని, మిక్సర్ రికార్డింగ్ శబ్దాన్ని బాగా తగ్గించి మొదలుపెట్టాలి, లేకపోతే గొంతు చిరిగిపోతుంది. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. ఉపదేశం మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ అక్కడితో ఆగిపోతుంది, ఆ సంగతి ఆశీర్వాదం అయిపోయాక గానీ తెలియదు.

తర్వాత మొదట్లోని ప్రకటనలు, చివర్లోని సర్దుబాట్లు కత్తిరించి ఉపదేశం మాత్రమే ఉంచాలి. 32 కేబీపీఎస్ మాటకు సరిపోతుంది గానీ పాటకు సరిపోదు. పాటలు పంపదలిస్తే 96కు తగ్గకుండా వేరే ఫైలుగా పంపాలి.

కీప్యాడ్ ఫోన్ల వారికి మెమరీ కార్డు ఒక్కటే దారి. ఇక్కడ చిన్న చిన్న విషయాలే పని చెడగొడతాయి. చాలా కీప్యాడ్ ఫోన్లలో తెలుగు ఫైలు పేర్లు డబ్బాలుగా కనిపిస్తాయి కాబట్టి పేర్లు అంకెలతోనే ఉండాలి. ఒకటి నుంచి తొమ్మిది దాకా 01, 02 అని సున్నా చేర్చి రాయాలి, లేదంటే 1 తర్వాత 10 వస్తుంది. మా సంఘంలో పక్షవాతంతో మంచాన ఉన్న ఒక పెద్దావిడకు మొదటిసారి కార్డు ఇచ్చినప్పుడు ఈ సంగతి మాకు తట్టలేదు. వారం తర్వాత వెళ్తే, "బాబూ, యేసయ్య చనిపోయి తిరిగి లేచాక, యోహాను దగ్గర బాప్తిస్మం తీసుకుంటున్నాడేంటి?" అని అడిగింది. ఇప్పుడు ఆమె కార్డులో మత్తయి 28 అధ్యాయాలు వరుసగా ఉన్నాయి. ఐదో నంబరు మీట మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టాము, అది నొక్కితే పాట ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. ఏ మీటతో ఆగుతుందో ఫోన్ ఫోన్‌కూ మారుతుంది కాబట్టి, చుక్క పెట్టే ముందు నొక్కి చూసుకోవాలి. ఏడాది మొత్తం 52 ఉపదేశాలకు సుమారు 312 ఎంబీ సరిపోతుంది, కనుక ఖరీదైన కార్డు అక్కరలేదు.

నాలుగో అడుగు: వాట్సాప్ గ్రూపు

ఇప్పుడు యాప్ గురించి మాట్లాడుకోవచ్చు. సంఘ సమాచారానికి వాట్సాప్ చాలు, ఎందుకంటే అది ఇప్పటికే వారి ఫోన్లలో ఉంది. కొత్త యాప్ పెట్టించి, పాస్‌వర్డ్ గుర్తుంచుకోమనడం 60 ఏళ్ల సంఘపెద్దకు న్యాయం కాదు.

ఒకే గ్రూపు పెట్టి అన్నీ అందులోనే నడిపితే, ఆదివారం ఆరాధన సమయం మారిందన్న ప్రకటన శుభోదయాల కింద, పుట్టినరోజు కేకుల కింద, ఎవరో పంపిన రాజకీయ వీడియో కింద పూడిపోతుంది. కాబట్టి రెండు ఉండాలి. మొదటిది ప్రకటనలది, అడ్మిన్లు మాత్రమే పంపగలిగేలా సెట్టింగ్ మార్చినది, వారానికి నాలుగైదు సందేశాలకు మించనిది. రెండోది ప్రార్థన గ్రూపు, అందరూ రాయగలిగినది. మామూలు గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. ఇది మన ఆడపడుచులకు ఇబ్బంది తెచ్చే విషయం. పలు గ్రూపులను ఒకచోట చేర్చేలా వాట్సాప్‌లో 2022లో వచ్చిన కమ్యూనిటీ సౌకర్యంలోని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, అడ్మిన్లకే తెలుస్తాయి. అందుకే ప్రకటనలకు దాన్నే వాడమంటాను. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది పరిమితి ఉంది, పైగా మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. చిన్న సంఘాల్లో సందేశం రాలేదన్న ఫిర్యాదులకు చాలాసార్లు ఇదే కారణం.

ప్రార్థన విన్నపాల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువే. మందిరంలో 40 మంది ముందు చెప్పిన మాట ఆ గోడల మధ్య ఉంటుంది; గ్రూపులో రాసిన మాట స్క్రీన్‌షాట్‌గా వియ్యంకుల ఇంటికి చేరుతుంది. రోగం పేరు, ఆస్పత్రి రిపోర్టు, భార్యాభర్తల తగవు, పెళ్లి చూపుల సంగతి రాయకూడదు. "ఒక సోదరి శస్త్రచికిత్స కోసం" అంటే ప్రార్థించడానికి చాలు. బాప్తిస్మపు ఫొటోలను ఆ వ్యక్తి నోటితో సరేనంటేనే పంపాలి, ఎందుకంటే ఇంట్లో ఇంకా చెప్పుకోలేని పరిస్థితి కొందరికి ఉంటుంది.

పాస్టరుగారు వారానికి ఒకసారి తన గొంతుతో రెండు నిమిషాల వాయిస్ సందేశం పెడితే, దాన్ని విన్నంత మంది ఇంకే సందేశాన్నీ తెరవరు.

ఐదో అడుగు: లైవ్ ప్రసారం

ఆడియో అలవాటయ్యాక, అవసరం ఉందనిపిస్తే లైవ్‌కు వెళ్లవచ్చు. యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఫోన్ నంబరుతో ధ్రువీకరణ జరగాలి, మొదటిసారి అనుమతికి 24 గంటలు పట్టవచ్చు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఛానెల్ తెరిచి, మర్నాడు ఉదయం లైవ్ ఇవ్వలేక తిప్పలు పడే సంఘాలు ఏటా ఉంటాయి.

డేటా లెక్క ముందే వేసుకోవాలి. పైన చెప్పిన వేగంతో గంటకు సుమారు 1.1 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ లేదా 2 జీబీ ఇచ్చే ప్యాక్‌తో రెండు గంటల ఆరాధన మొదలుపెడితే సరిగ్గా వాక్యోపదేశం మధ్యలో ఆగిపోతుంది. 480పీకి తగ్గించడం, లేదా పాటలు వదిలి ఉపదేశం మాత్రమే ఇవ్వడం నయం. గుడ్ ఫ్రైడే రోజు పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది కదా, అప్పటికి మన ఎండలు ముదిరిపోయి ఉంటాయి. కిటికీ పక్కన స్టాండు మీద ఛార్జింగ్‌తో ఉన్న ఫోన్ నాలుగో మాట దాకా వచ్చేసరికి వేడెక్కి ఆగిపోతుంది. ఫోన్ కవరు తీసేయాలి, ఎండ తగలని చోట ఫ్యాను గాలి కింద పెట్టాలి, తెర వెలుతురు తగ్గించాలి. ఫోన్‌ను అడ్డంగా పెట్టి, ప్రసంగీకుడు మాత్రమే కనిపించేలా చూసుకోవాలి. పిల్లలు, ప్రభు బల్ల దగ్గర మోకాళ్లూనిన వారు కెమెరాలో పడకూడదు.

పాటల హక్కుల గురించి ఒక మాట. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, నిజమైన మతాచార సందర్భంలో పాట పాడటానికి వెసులుబాటు ఇస్తుంది. ఆ వెసులుబాటు యూట్యూబ్ ప్రసారానికీ వర్తిస్తుందని అనుకోకూడదు. రచయిత మరణించిన తర్వాతి 60 ఏళ్లకు హక్కు ముగుస్తుంది. తెలుగు క్రైస్తవ కీర్తనల రచయిత పురుషోత్తమ చౌదరిగారు 1890లో ప్రభువునందు నిద్రించారు, కనుక వారి కీర్తనలను మీ సంఘం మీ డోలక్, మీ కీబోర్డుతో పాడుకుంటే చిక్కు లేదు. అదే కీర్తనను ఎవరో గాయకుడు పాడిన రికార్డు వేస్తే, ఆ రికార్డు హక్కు వేరు. ఆరాధనకు ముందు స్పీకర్లలో వేసే ట్రాకులు లైవ్‌లోకి వెళ్లి శబ్దం మూగబోవడమో, ప్రసారం ఆగిపోవడమో జరగవచ్చు. ప్రార్థన మొదలయ్యాకే లైవ్ ఆన్ చేస్తే చాలు.

ఆరో అడుగు: కానుకలు

క్యూఆర్ కోడ్ సంఘం పేరిట ఉన్న ఖాతాదే అయి ఉండాలి. పాస్టరుగారిదో కోశాధికారిదో సొంత నంబరు కాకూడదు. దీనికి సంఘం సొసైటీగానో ట్రస్టుగానో నమోదై, పాన్ ఉండి, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా ఉండాలి. నమోదు కాని సంఘాలు ముందు ఆ పని చూసుకుని, అప్పటిదాకా కానుక సంచితోనే ఉండటం క్షేమం. మంచి కాపరి మీద లేనిపోని మాట పడేది ఎక్కువగా ఇక్కడే. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు ఒకరు రూపాయి పంపి, ఫోన్‌లో సంఘం పేరు వస్తోందో లేదో చూడాలి, ఎందుకంటే అసలు కోడ్ మీద మరొకరి స్టిక్కరు అంటించే మోసం ఉంది. నెలాఖరున మొత్తం చదివి వినిపించవచ్చు గానీ, ఎవరెంత ఇచ్చారన్నది చదవకూడదు. కానుక సంచి యథావిధిగా తిరగాలి; పది రూపాయలు వేసే ముసలమ్మ చెయ్యి ఖాళీగా ఉండిపోకూడదు.

విదేశాల్లో ఉన్న మనవారి కానుకల విషయంలో తేడా గుర్తుంచుకోవాలి. భారత పౌరసత్వంతోనే కువైట్‌లోనో దుబాయిలోనో పనిచేసేవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తమ్ముడు పంపేది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సంఘం దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత అలాంటి సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి.

పాస్టరుగారి ఫొటో పెట్టుకుని కొత్త నంబరు నుంచి "అత్యవసరంగా ఐదు వేలు పంపండి" అని సంఘస్థులకు సందేశాలు వచ్చే మోసం మా దగ్గరా జరిగింది. డబ్బు అడిగే సందేశం ఏదీ పాస్టరుగారి నుంచి రాదని ముందే ప్రకటించాలి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయించాలి.

ఏడో అడుగు: సండే స్కూలు పిల్లలు

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. పిల్లల గ్రూపులో తల్లిదండ్రుల నంబర్లే ఉండాలి. ఏ ఉపాధ్యాయుడైనా పిల్లలకు విడిగా సందేశం పంపకూడదు. పంపవలసి వస్తే తల్లిని కూడా చేర్చాలి. కంఠత వాక్యం చెప్పిన పాప వీడియోను ఆమె తల్లికి పంపడం వేరు, సంఘ ఛానెల్‌లో పెట్టడం వేరు. రెండోదానికి అమ్మానాన్నల అనుమతి కాగితం మీద తీసుకోవాలి.

ఎనిమిదో అడుగు: తాళాలు ఇద్దరి దగ్గర

ఈ పనులన్నీ మా దగ్గర మొదట ఒకే యవనస్థుడు చూసేవాడు. అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లాక, ఛానెల్ తెరిచిన ఈమెయిల్ అతని పాత సిమ్‌కు ముడిపడి ఉందని, ఆ సిమ్ రీచార్జి లేక వేరొకరికి వెళ్లిపోయిందని తెలిసింది. ఛానెల్ తిరిగి రాలేదు, కొత్తది పెట్టుకున్నాము. అందుకే సంఘం పేరిట ఒక ఫోన్, ఒక సిమ్, ఒక ఈమెయిల్ ఉండాలి; పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే రెండు దశల ధ్రువీకరణ పెట్టి, అత్యవసర కోడ్‌లను కాగితం మీద రాసి సంఘ బీరువాలో ఉంచాలి. ప్రతి గ్రూపుకూ కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండాలి, వారిలో ఒకరైనా స్త్రీ అయితే మంచిది.

మూడు నెలలకొకసారి మొదటి అడుగులోని రిజిస్టరు మళ్లీ తెరిచి, మారిన నంబర్లు దిద్దుకుని, ఆ మూడు నెలల్లో ఒక్క సందేశమూ చేరని ఇళ్లను వెనక పేజీలో విడిగా రాసుకోవాలి. మా రిజిస్టరు వెనక పేజీలో ప్రస్తుతం అలాంటి ఇళ్లు 11 ఉన్నాయి. మంగళవారం సాయంత్రం రెండు, గురువారం రెండు చొప్పున పాస్టరుగారూ నేనూ వెళ్తున్నాము. పెద్దవాళ్ల మెమరీ కార్డులు మార్చేదీ అప్పుడే.